కొత్త ట్రాక్టరు పట్టా తీసేశాను

ఏవండీ,

ఇక్కడ అందరం కులాసా, ట్రాక్టరు కూడా. చదువుతూ కేకలేయకండి, ముందే చెబుతున్నాను. మీరు వచ్చేదాకా ఎవరూ నడపొద్దన్నారని దానికి పట్టా కప్పే ఉంచాను. మీరు చెప్పినట్టే రోజూ పొద్దున్నే స్టార్ట్ చేసి, కాసేపు ఊరికే ఆడించి ఆపేస్తున్నాను. నిన్న షోరూము మెకానిక్ వచ్చి ఆ సంగతి విని తల పట్టుకున్నాడు.

"కొత్త ఇంజన్ని ఇలా కూర్చోబెట్టి గుర్రుమనిపిస్తే చెడిపోతుందమ్మా! తేలిక పని చెప్పండి, వేగం మారుస్తూ నడపండి. డ్రైవరేడీ?" అన్నాడు.

అత్తయ్య నా వైపు చెయ్యి చూపించింది!

ఎక్కేశానండీ! క్లచ్ వదలగానే ఒక్క ఎగురు ఎగిరింది, నా పై ప్రాణాలు పైనే పోయాయి. రెండో సాలుకల్లా భయం పోయింది. ఇంటి వెనక చేను మొత్తం పైపైన దున్నేశాను. అత్తయ్య గట్టు వెంట నడుస్తూ "ఆ మూల వదిలేశావే!" అని ఒకటే పోరు. సాళ్ళు కాస్త వంకర పోయాయి, వచ్చి నవ్వకండి.

గ్రీజు గన్ను ఎక్కడ పెట్టారు? ఇల్లంతా వెతికాం. వచ్చేటప్పుడు ఇంజన్ ఆయిల్ డబ్బా తీసుకురండి, నా చెవులకి కట్టుకోవడానికి మందపాటి స్కార్ఫు కూడా. మీ దగ్గు తగ్గిందా? మందు మానకండి.

అత్తయ్య ఆశీస్సులు రాయమంది. అన్నట్టు, నా కాళ్ళు పెడళ్ళకి అందడం లేదని మెకానిక్ సీటు ముందుకి జరిపాడు. మీరు వచ్చాక మోకాళ్ళు ముడుచుకుని కూర్చోండి గానీ, దాన్ని మాత్రం వెనక్కి జరపొద్దు.

ఇట్లు,
మీ డ్రైవరు