మూడో అంతస్తులో కిటికీ లేని గది

గద్వాల,
నవంబరు 26.

ప్రియమైన తమ్ముడు జాన్‌కు,

యేసు నామమున అక్క ప్రేమలత ఆశీస్సులతో రాయునది. దేవుని దయవల్ల ఇక్కడ అమ్మ, నేను, నా కూతురు సుప్రియ తిని తిరుగుతున్నాం. నువ్వూ మరదలు వర్షా కూడా చెన్నైలో బాగున్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం మొన్న అందింది. ఫోన్లు ఉన్న కాలంలో ఉత్తరం రాయాల్సిన గతి పట్టిందని రాశావు. ఏం చేస్తాం, నీ పేరు కనపడితే అమ్మ ఫోన్ బోర్లా తిప్పి పెడుతోంది. నీకు నేను కూడా ఉత్తరమే రాస్తున్నాను. ఫోన్‌లో అయితే సగంలోనే అరుచుకుంటాం.

అడిగినవాటికి జవాబులు రాస్తాను. అమ్మ మోకాలు అట్లాగే ఉంది, చలికి ఇంకాస్త ఎక్కువైంది. సుప్రియ నర్సింగ్ రెండో ఏడాదికి వచ్చింది, హాస్టల్‌లోనే ఉంటోంది. క్రిస్మస్‌కు రమ్మంటారా అని అడిగావు. ఆ మాట అమ్మను అడిగితే లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

నువ్వు రాసిన ఒక మాట మాత్రం నాకు గుచ్చుకుంది. "అమ్మ కోసం ఇంత చేస్తే ఇదా ఫలితం" అన్నావు. ఇంత అంటే ఎంత? మూడు రోజుల ఓడ ప్రయాణం. పదకొండేళ్లుగా అమ్మను దవాఖానకు తీసుకెళుతున్నది నేను. బడి నుంచి వచ్చి కాళ్లకు నూనె రాస్తున్నది నేను. అదేదీ ఎవరూ ఫొటో తీయలేదు. నువ్వు ఓడ టికెట్లు అనగానే అమ్మ ధరూర్‌లో మన చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పుకుంది. నా కొడుకు నన్ను మీ నాయిన పోయిన నీళ్లకు తీసుకపోతుండని నాతో పదిసార్లు అంది.

నువ్వు అప్పటికి చిన్నవాడివి, నాకు బాగా గుర్తు. బొంబాయి దగ్గర జెట్టీ పనికి గుంపుగా వెళ్లినప్పుడు నాయిన సముద్రంలో పడ్డాడు. శవం దొరకలేదు. సమాధుల పండుగ నాడు అందరూ సున్నం వేసి పూలు పెట్టుకుంటుంటే అమ్మ ఇన్నేళ్లూ ఎవరెవరి సమాధుల దగ్గరో నిలబడి వచ్చింది. అందుకే ఈసారి నాయిన పేరున సముద్రంలో వేయాలని గద్వాల బజారులో బంతిపూలు కొని తడి తువ్వాలలో చుట్టుకుంది. పండుగ నాటికి ఓడ నడిసముద్రంలో ఉంటుందని నువ్వే లెక్క చూసి చెప్పావు.

ఓడలో ఏం జరిగిందో నువ్వు చూసింది సగమే. మా గది మూడో అంతస్తులో, నడవాకు లోపలి వైపు. కిటికీ లేదు. దీపం తీసేస్తే పగలో రాత్రో తెలియదు. మంచం మీద అమ్మ, ఒడిలో ఆ మూట. బొంబాయిలో ఓడ ఎక్కేటప్పుడు రేవులోని మురికి నీళ్లు తప్ప ఆమె సముద్రాన్ని చూడనేలేదు. పైకి పోతే పైసలు తీసుకుంటారా అని అడిగింది. అడగదా మరి, నీళ్ల సీసాకు వేరే, ఫోన్‌కు వేరే, ఊడ్చేవాళ్లకు రోజుకింత వేరే అని కాగితం మీద రాసి ఉన్నదంతా నేనే చదివి వినిపించాను. పై అంతస్తుకు మాత్రం ఏమీ కట్టనక్కర్లేదు. అది నాకు తెలుసు.

పండుగ రోజు పొద్దున్నే అమ్మ తల దువ్వుకుని తయారై కూర్చుంది. నీకోసం చూసింది.

"వాడు పిలుస్తడు, గప్పుడు పోదం. గుంపుల వచ్చినప్పుడు మేస్త్రి పిలిస్తెనే కదలాలె బిడ్డా" అంది.

ఇరవై ఏళ్లు వలస పోయిన మనిషి. తీసుకొచ్చినవాడు పిలవనిదే గుడిసె దాటకూడదన్నది ఆమె ఒంట్లో ఉంది. ఆమెకు నువ్వే మేస్త్రివి. మధ్యాహ్నం దాకా కూర్చుంది. సాయంత్రం పడుకుంది. మూట విప్పలేదు.

దిగేరోజు వర్ష టీకి పిలిస్తే మీ గదికి వచ్చాం. అద్దాల తలుపు, బాల్కనీ, దానికి ఇనుప రెయిలింగు. అప్పటికి ఓడ రేవులో ఆగిపోయింది. పూలు నల్లబడ్డాయి. అమ్మ ఆ రెయిలింగు పట్టుకుని చాలాసేపు నిలబడింది. నీకు వినపడకుండా నాతో అంది.

"మీ నాయిన మునుగుతుంటె మేస్త్రి గిట్లనే పైన నిలవడి సూసిండంట."

నువ్వు అడిగిన ఆఖరి ప్రశ్నకు జవాబు ఇదే. అందుకే అమ్మ నీతో మాట్లాడటం లేదు.

ఇక రాయాల్సింది రాస్తాను. అమ్మకు బాల్కనీ అంటే కళ్లు తిరుగుతాయని, లోపలి గదే కావాలని ఆమే అడిగిందని నీకు చెప్పాను కదా. అమ్మ అడగలేదు. నువ్వు రెండు గదులూ బాల్కనీవే తీసుకున్నావు, పక్కపక్కన. పేర్లు, వయసులు రాసి పంపే పని నాకు అప్పగించావు. ఏజెంటుకు ఫోన్ చేసి మా గది మార్పించింది నేను. మిగిలిన డబ్బు నా ఖాతాకే తెప్పించుకుని సుప్రియ హాస్టల్‌కు కట్టాను. అమ్మ అడిగితే నీ కొడుకే ఇది చాలన్నాడని చెప్పాను. నువ్వు రెండుసార్లు తలుపు దాకా వచ్చినప్పుడు అమ్మ నిద్రపోతోందని నడవాలోనే ఆపాను. ఆమె లోపల పూలు పట్టుకుని కూర్చునే ఉంది. అమ్మ పైకి వస్తే మీరిద్దరూ ఎదురుపడి నా మాట బయటపడుతుందని భయపడ్డాను.

ఫీజు కోసమే చేశానని రాస్తే అది ఇంకో అబద్ధం. పదకొండేళ్లు నేను చేసింది లెక్కలోకి రాకుండా, మూడు రోజుల్లో నువ్వు గొప్ప కొడుకువైపోతుంటే నాకు కడుపు మండింది. ఆ గొప్పలో కాస్త తగ్గిద్దామనుకున్నాను. నాయిన పూల సంగతి ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చాక కూడా నోరు విప్పలేదు.

నీ ఉత్తరం అమ్మకు నేనే చదివి వినిపించాను. "నీకు భయమని అక్క చెప్పకపోతే నా గదిలోనే పెట్టుకునేవాణ్ణి గదా అమ్మా" అని నువ్వు రాసిన చోట రెండు వాక్యాలు దాటేసి, ఆరోగ్యం జాగ్రత్త అన్న దగ్గర అందుకున్నాను. ఆమె వింది. ఇంతేనా రాసిండు అని అడిగింది. ఇంతే అన్నాను.

ఆ తువ్వాల మూట ఇంకా దండెం మీదే ఉంది. నన్ను ముట్టనివ్వదు.

నువ్వు రా. ఆమె రమ్మనకపోయినా రా. వచ్చేటప్పుడు ఈ కాగితాలు తెచ్చి, ఆమె ముందు కూర్చుని నువ్వే చదువు. నేను చదివితే మళ్లీ అక్కడికి రాగానే దాటేస్తాను.

ఇట్లు,
నీ అక్క
ప్రేమలత