చిప్ప మీద రెండే గీతలు

జనగామ,
29 జూలై 2025.

కాబోయే రైల్వే అధికారి, ఎమ్మెస్సీ జువాలజీలో నా వెనక బెంచీని పావనం చేసిన వెంకటేశ్ మహాశయునికి, మాజిద్ సలాములతో రాయునది. ఇక్కడ మేమందరం బాగున్నాం. మీ తండాలో కూడా అందరూ బాగున్నారని రాయాలనే ఉంది.

చదువుకు అడ్డమని ఫోన్‌ను మీ చెల్లె కళావతి చేతిలో పెట్టి డోర్నకల్‌లో గది తీసుకున్నావు. అందుకే మా చిన్నాన్న ఇంతియాజ్ రేపు రైలెక్కేటప్పుడు ఈ కాగితాలు ఆయన జేబులో పెడతాను. చదువుతూ నవ్వకు. నేను రాశానంటే నవ్వుతావని తెలుసు, నా భయమే అది.

ముందు శుభవార్త. మొన్న నేను శాస్త్రవేత్తనయ్యాను. భూపాలపల్లి దగ్గర మీ ఇంటి వెనక గోడను ఆనుకుని వాననీళ్ల గుంట ఉంది కదా, పోయినేడు మనిద్దరం ప్యాంట్లు మడిచి చిప్పరొయ్యలు పట్టింది అక్కడే. ఈసారి నేనొక్కడినే పోయాను. గుంటలో బురద తప్ప నీళ్లు లేవు. బురదలో చచ్చిన రొయ్యలు. మైక్రోస్కోప్ కింద పెడితే పెసరగింజకన్నా చిన్నవి, చిప్ప అద్దంలా నున్నగా ఉంది, దాని మీద రెండే గీతలు. పోయినేటి వాటికి గీత పక్కన గీత ఒత్తుగా ఉండేవి. ఇది లోకం ఎరగని కొత్త జాతి అని తేల్చేసి దానికి నా పేరే పెట్టాను. మా అమ్మ మున్నవర్ బేగంకు చెబితే, పురుగు సంగతి తర్వాత, ముందు రేషన్ కార్డులో నీ పేరు సరిచేయించుకో అంది.

నా కీర్తి ఆ వారం కూడా దాటలేదు. తల చూశాను. ముక్కు చివర ముల్లు ఉంది, పోయినేటి వాటికి ఉన్నట్టే. నడినెత్తిన కాడలాంటిది ఉంటే వేరే కుటుంబం అనేవాణ్ణి, అదీ లేదు. తోక మీది ముళ్ల వరుస కూడా అదే. కొత్త జాతి కాదురా, మన పాత రొయ్యలే. కాకపోతే పసివి. కుబుసం విడిచినప్పుడల్లా చిప్పకు ఒక గీత పెరుగుతుంది, ఇవి రెండో గీతకే చచ్చాయి. ఏ చిప్ప కిందా గుడ్లు లేవు. వాన పడ్డప్పుడల్లా బురదలోని పాత గుడ్ల నుంచి పుడుతున్నాయి, పెరిగేలోపే నీళ్లు మాయమవుతున్నాయి.

కళావతికి ఫోన్ చేశాను. చుట్టూ పొలాలన్నీ నిండి పొంగుతున్నాయట, ఆ ఒక్క గుంటే తెల్లారేసరికి ఖాళీ అట. ఎండ లేదు, మోటరు లేదు. మరి నీళ్లు ఎటు పోతున్నాయి?

మీ పక్కింటి మాన్‌సింగ్ తాతను అడిగాను. ఆ గుంట ఉన్నచోట ఒకప్పుడు పెద్ద బావి ఉండేదట. మీ బాపు బీక్యా దాన్ని రాళ్లతో, మట్టితో పూడ్చి, సగం పూడిక మీద వెనక గది కట్టాడట. ఆ పూడికే ఇప్పుడు నీళ్లను మింగుతున్నది. నీళ్లతో పాటు మట్టి కూడా కిందికి జారుతూ, గది కింద నేల బోలవుతూ ఉంటుంది. మీ అమ్మ, మన బుచ్చి యాడి, చాప మీద పడుకుంటే నేల గుటకలేసినట్టు వినిపిస్తుందట. ఎలుకలనుకుంటున్నది. ఆమె, కళావతి పడుకునేది ఆ గదిలోనే.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కళావతి స్పీకర్ పెట్టింది. మీ బాపు అంతా విని, “రొయ్యలు చెప్పినయని ఇల్లిడుస్తరా పిలగా?” అన్నాడు. ఇల్లంతా నవ్వింది. తప్పు వాళ్లది కాదు. పోయినేడు మేకలకు కూడా ఆధార్ వచ్చిందని నేను చెబితే, నిజమనుకుని ఆయన నల్లమేకకు ఫోటో తీయించాడు.

కాబట్టి నువ్వు పోయి చెప్పు. కొడుకు మాట వింటారు. ఆ గది ఇవాళే ఖాళీ చేయించు.

నీ నవ్వులాట మానేసిన మిత్రుడు,
మాజిద్.

తా.క. నీ కాలు విరిగింది. పరేషాన్ కాకు. పైదంతా నిన్న రాసింది. రాశాక, నువ్వు కూడా నమ్మవేమోనని అనుమానం వచ్చింది. అందుకే, నువ్వు రైలు మెట్ల మీంచి జారిపడ్డావని, జనగామ దవాఖానలో ఉన్నావని కళావతికి ఫోన్‌లో చెప్పాను. తల్లీబిడ్డలు పొద్దున దిగారు. అసలు సంగతి చెప్పగానే యాడి చెప్పు తీసింది, ఇప్పుడు మా అమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ నోటితో కొడుతున్నది. మీ బాపు మాత్రం రాలేదు. కాలే కదా, మేకలను ఎవరు చూస్తారు అన్నాడట. కాలు కాదు, నీ తల పగలగొట్టాల్సింది, తప్పు చేశాను.

ఇందాక మాన్‌సింగ్ తాత ఫోన్‌లో మీ బాపుతో మాట్లాడాను. వానకు మేకలను కూడా తోలి ఆ వెనక గదిలోనే మంచం వేసుకున్నాడు. “పొద్దటి సంది దంచుతున్నది, గుంటల సుక్క నిలుస్తలేదు. గిదేందో నాకు సమజైతలేదు” అన్నాడు. ఈసారి నవ్వలేదు. అయినా లేవలేదు. ఆ తర్వాత ఫోన్ కలవడం లేదు.

రైలెక్కి వరంగల్‌లో దిగి భూపాలపల్లి బస్సు పట్టు. గదిలోకి పోకు, వాకిట్లో నిలబడి పిలువు. నీ రెండు కాళ్లూ చూడగానే కొట్టడానికి లేస్తాడు. అప్పుడు రోడ్డు వైపు ఉరుకు. దొరకకు. అంతదూరం నిన్ను తరమనీ.