గేరుబాక్సులో విరిగిన పన్ను

అక్కా, ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడకు.

నిన్న ఒక మాస్టారి పాతకాలపు కారుకు గేరుబాక్సు ఆయిల్ మార్చాను. అడుగున బిగించే డ్రైన్ ప్లగ్గుకు అయస్కాంతం ఉంటుంది, లోపల అరిగిన ఇనుప రజను దానికి అంటుకుంటుంది. నిన్న రజనుతోపాటు గేరు పన్ను ముక్క వచ్చింది. మా షెడ్డు ఓనరుకు చూపిస్తే, "తుడిచి బిగించెయ్ రా! లోపలేముందో ఆయన నిన్నడిగాడా?" అన్నాడు. మాస్టారేమో భార్యతో ఆ కారులోనే కొండదారి ఎక్కబోతున్నారు. నాకు ఒళ్ళు మండి, ముక్క తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. ఓనరు అక్కడికక్కడే నన్ను పనిలోంచి తీసేశాడు.

మాస్టారు ప్రయాణం మానుకున్నారు గానీ, "కిందటిసారి మార్చిందీ నువ్వేగా, అప్పుడేం కనబడలేదా?" అన్నారు. అప్పుడు నేను చూడకుండానే తుడిచేశాను. అదే చెప్పాను. నిన్నంతా ఓనరు మీద అరిచీ అరిచీ అలసిపోయానక్కా.

అక్కడ ఇంట్లో మంచం కింద నా స్పానర్ల పెట్టె ఉంది, తుప్పు పట్టకుండా ఆయిల్ రాసి పంపు. పాపకు దగ్గు తగ్గిందా? వంటింటి కుళాయి ఇంకా కారుతోందా? బావకు నమస్కారాలు.

నాన్నకు నేనే మానేశానని సర్దిచెప్పకు. తీసేశారనే చెప్పు. ఎందుకని అడిగితే, కిందటిసారి సంగతి కూడా చెప్పు.

నీ తమ్ముడు