బాపు పేర ఖుల్లా ఖత్

మలక్‌పేట,
1946 జూన్ 9

నా రఫియాకు,

ఏడేండ్ల తర్వాత నా చేతిరాత గుర్తుపట్టినవా? మీ వాకిట్ల బొగ్గుముక్కతో నీకు తెలుగు అక్షరాలు నేర్పిన కొమురమ్మను. పోయిన నెల మా బాపు పోయిండు. ఇప్పుడైనా నీతో చెప్పుకోకుంటే ఇంకెవరితో చెప్పుకోను?

ఎనిమిదో తరగతిల బాపు బడి మాన్పిస్తనన్నడు. పత్రికల పెద్దలకు రాసే బహిరంగ లేఖలు చూసి, నేనూ బాపు పేర ఒకటి రాసి పంపిన, 'నన్ను చదువుకోనియ్యి' అని. అచ్చయిన నాడు గంతులేసిన. బాపుకు చదవరాదన్న సంగతి సాయంత్రానికి గాని యాదికి రాలే! మా కార్వాన్ బస్తీ అంత చదివింది. పాలు పోయించుకునేటోళ్లు "ఏం బాలనర్సింహా, బిడ్డ నీమీద ఫిర్యాదు చేసిందట గద" అని నవ్విండ్రు. బాపు నాతోని మాటలు బంద్ చేసిండు.

ఆ వారమే మీ సురయ్యా అక్క మాంఝా. పెండ్లికి ముందు పసుపు పెట్టే ఆ పొద్దు, ఢోలక్ పాటల్ల ఎవరి పేరు పెట్టి ఆటపట్టించినా కోపం రావద్దు గద. నువ్వు నా లేఖనే పాట కట్టి, బహిరంగ లేఖకు మీ మాట 'ఖుల్లా ఖత్' అని పేరు పెట్టి, "సునో దూద్‌వాలే బాబా, ముఝే పఢ్నే దో" అని నా 'నన్ను చదువుకోనియ్యి' మాటనే ఉర్దూల ఎత్తుకున్నవు. పాలు తెచ్చిన బాపు పరదా అవతలనే ఉన్నడు. తల వంచుకున్నడు. మర్నాడు తనే నన్ను బడికి తోలుకపోయిండు. సిగ్గుకు తలొగ్గిండనుకున్న. ఇయ్యాల పంతులమ్మనయిన గాని, బాపును నలుగుర్ల తక్కువ చేసి సంపాదించిన చదువని లోపల ముల్లు. ఆ కోపమంత నీమీద పెట్టుకొని దూరమయిన. ఎందుకు పాడినవే?

నీ
కొమురమ్మ


బార్కస్,
జూన్ 14

నా పాగల్ కొమురమ్మకు,

బాపు పోయిండని చదివి, పొయ్యి ఆర్పి ఈ ఖత్ రాయబట్టిన. ఇంక ఒట్టు దాయను.

మాంఝాకు రెండు దినాల ముంగట మీ బాపు మా గడపల నిలబడ్డడు. "బస్తీ అంత చదివిండ్రు బేటా. నేనొక్కన్నే విననే లేదు. ఒకలు ఫిర్యాదంటరు, ఒకలు తిట్టిందంటరు. దాన్ని అడగాల్నంటే నాకు నోరు రాదు" అన్నడు. నేను చదివి వినిపిస్తనంటే వద్దన్నడు. "నవ్వినోళ్లందరి ముంగట వింట. పాటల పెట్టు. దానికి మాత్రం చెప్పకు" అని ఒట్టేయించుకున్నడు.

పాట సగంల నువ్వు ఏడ్చుకుంట ఇంటికి ఉరికినవు. ఆయన కదలలే. పరదా దగ్గరికొచ్చి, "రఫియా, 'పఢ్నే దో' అన్న కాడ మల్లొక్కసారి అను" అన్నడు.

మూడుసార్లు పాడిచ్చుకున్నడు, కొమురా.

నీ
రఫియా