పాత కంప్యూటర్లో ఎవరివో పాటలు

జూన్ 14, శుక్రవారం

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నువ్వూ, మరదలూ, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. మేం బాగానే ఉన్నాం. మీ బావకి నడుం కింద స్పర్శ ఇంకా రాలేదు గానీ చేతుల్లో బలం పెరిగింది. ఇన్నేళ్ళు బస్సు స్టీరింగు తిప్పిన చేతులు కదా, మంచం పట్టె పట్టుకుంటే మంచమే కదులుతోంది.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఇల్లు ఒకటే గది, వంటకి ఓ మూల. ఫోన్లో ఏం మాట్లాడినా ఆయనకి వినపడుతుంది. పైగా ఇది నిన్ను వకీలుగా అడగాల్సిన సంగతి. ఫీజు మాత్రం అడక్కు, చిన్నప్పుడు నీ హోంవర్కంతా నేనే రాసిపెట్టాను.

ఇంట్లోనే కూర్చుని చేసుకునే పని దొరికిందని చెప్పాను కదా. డాక్టర్లు మాట్లాడి పంపిన రికార్డింగులు విని టైపు చేసివ్వడం. అందుకోసం వీధి చివరి రిపేరు షాపులో పాత కంప్యూటర్ ఒకటి కొన్నాను. మీటల మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. తెచ్చిన మూడో రోజు ఫైళ్ళు దాచుకోవడానికి చోటు వెతుకుతుంటే పాటలు బయటపడ్డాయి. రెండువేల మూడొందల పైచిలుకు. పెట్టిన మనిషెవరో మహా పొందికైన మనిషి. ‘వాన పడేటప్పుడు’, ‘ఇస్త్రీ చేసుకుంటూ’, ‘ఎవరితోనూ మాట్లాడాలని లేనప్పుడు’ అని విడివిడిగా సర్ది ఉన్నాయి.

షాపతన్ని అడిగాను. ‘డబ్బా మీదైతే డబ్బాలో ఉన్నదీ మీదేనమ్మా. తుడిచి ఇవ్వాల్సింది, మర్చిపోయాను’ అన్నాడు. కింద వాటాలో ఉండే రిటైరైన లెక్కల మాస్టారు ఒప్పుకోలేదు. ‘పాత బీరువా కొంటే అందులో మర్చిపోయిన నగ కూడా నీదేనా అమ్మా?’ అన్నారు. ‘ఇల్లు కొంటే అందులో ఎలకలు మనవే కదండీ’ అన్నాను. ఆయన నవ్వలేదు.

మనసాగక, షాపులో నంబరు తీసుకుని అమ్మినావిడకే ఫోన్ చేశాను. బట్టలు కుడుతుందట. ‘ఉంచుకోండమ్మా, దానికేముంది. అన్నీ డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకున్నవే, దొంగవి కావు. నా కొత్తదాంట్లోకీ ఎక్కించుకున్నాను’ అంది. హమ్మయ్య అనుకుని మాస్టారికి చెబితే ఆయన ఇంకో ముడి వేశారు. ‘పుస్తకం ఇచ్చేస్తే ఇచ్చినవాళ్ళ దగ్గర ఉండదు. ఇవి ఆవిడ దగ్గరా ఉన్నాయి, నీ దగ్గరా ఉన్నాయి. కొన్నదేమో ఒకసారే. అది ఇవ్వడం ఎలా అవుతుంది? అయినా ఉంచుకోమనడానికి ఆవిడెవరు? పాట కట్టినవాళ్ళు కదా అనాల్సింది’ అన్నారు.

అదీ సంగతి. నేను దొంగిలించలేదు, కావాలని అడగలేదు. వాటంతటవే గడప దాటి లోపలికొచ్చాయి. నేనొక్కదాన్నే వింటాను, ఎవరికీ పంపను. అయినా తప్పేనా? చెరిపేద్దామని రెండుసార్లు కూర్చున్నాను. నిజంగానే తీసెయ్యాలా అని అది అడుగుతుంది. వద్దని నొక్కి లేచిపోతాను. చట్టం ఏమంటుందో ఉన్నదున్నట్టు రాయి. అక్కనని మొహమాటపడకు.

మీ బావ నిన్ను తరచూ తలుచుకుంటారు. నాలుగంతస్తుల మెట్లు కదా, ఎనిమిది నెలలుగా ఆయన కిందికి దిగింది లేదు. నేను మందులకి వెళ్ళొస్తే ఎన్ని నిమిషాలు పట్టిందో గోడ గడియారం చూసి చెబుతారు. కోపంతో కాదు, ఆయనకి చూడ్డానికి ఇంకేముంది. కంప్యూటర్ ముందు నుంచి లేచానంటే చాలు, పది నిమిషాలకోసారి పిలుపు. దిండు, నీళ్ళు, ఫ్యాను. పిలిచినప్పుడల్లా ‘నావల్ల నీకు చాకిరీ ఎక్కువైంది’ అంటారు. చాకిరీకి అలవాటుపడ్డాను గానీ ఆ మాటకి ఇంకా అలవాటుపడలేదు.

మరదల్ని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ అక్క

మరో మాట: కవరు అంటించబోయి ఆగాను. నా పని మధ్యాహ్నం రెండింటికే అయిపోతుంది. నాలుగింటిదాకా ఉంటుందని మీ బావకి చెప్పాను. ఆ రెండు గంటలూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఖాళీ పేజీ మీద టైపు చేస్తున్నట్టు వేళ్ళు ఆడిస్తూ ఆ పాటలు వింటాను. పనిలో ఉన్నాననుకుని ఆయన పిలవరు, మరీ ఆగలేకపోతే తప్ప. మొన్న మంగళవారం పిలిచారు. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యే సందులో వినపడింది. రెండోసారీ వినపడింది. నేను సౌండు పెంచాను. నీళ్ళ గ్లాసు అందుకోబోయి ఆయన మంచం మీంచి పడిపోయారు. ఆ పాట పూర్తయ్యాకే నేను వెనక్కి తిరిగాను. మా వీధిలోని క్లినిక్ నుంచి డాక్టరు పైకొచ్చి నుదుటి మీద రెండు కుట్లు వేశాడు. ‘చెవుల్లో అవి ఉంటే నీకెలా వినపడుతుందిలే, తప్పు నాదే’ అని మీ బావ నన్నే ఓదార్చారు. అవునన్నాను.

ఉన్నదున్నట్టు రాయమన్నాను కదా, వద్దు. చట్టం ఏమన్నా సరే, చెరిపెయ్యమందనే రాయి. నా అంతట నేను చెరపలేను.