మూడు నీళ్ళు పోసి కడిగిన ఇసుక

ప్రియమైన రోనాల్డ్ బావకి,

నీ మెసేజీలకి పదిరోజులుగా జవాబివ్వలేదు, ఏమీ అనుకోకు. షాపులో పనెక్కువని అబద్ధం ఆడను. ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు, అందుకే టైపు కొడుతున్నాను.

నువ్వు అచ్యుతాపురం క్వార్టర్‌కి మారిపోతూ నా రంగుచేపల షాపులో వదిలిన పెద్ద ఉప్పునీటి ట్యాంకు సంగతి. అందులోని చారల చేపలు రెండింటిలో మీ అమ్మాయి సుజి పెళ్ళికూతురని పేరు పెట్టినది కరెంటు పోయి చచ్చిపోయిందన్నాను కదా. కరెంటు పోలేదు బావా. నేనే చంపేను.

కొత్త అమావాస్యకి షాపు కడుగుతుంటే ట్యాంకులో రాళ్ళు నాచు పట్టి మాసిపోయి కనిపించేయి. జాతరకొచ్చే జనం చూస్తారని బ్లీచింగ్ పౌడరు వేసి రుద్ది ఎండలో పెట్టేను. ఇసుకైతే బియ్యం కడిగినట్టు మూడు నీళ్ళు పోసి కడిగేను. ట్యాంకు తళతళలాడింది. మా పావని కూడా "ఇప్పుడు సూడ్డానికి బాగుంది" అంది. నాలుగో రోజుకి చేపలు పైకొచ్చి గుటకలేసేయి. నీ మాట అప్పుడు గుర్తొచ్చింది: "మోటారు కాదు బావా, ఆ రాయీ ఇసకే దీనికి ఫిల్టరు. ఆట్లో ఉన్న బ్యాక్టీరియాయే సేపల మలినాన్ని ఇరిసేత్తది. కడిగీకు."

నువ్వేమో నన్ను నమ్మి బ్యాటరీ గాలి మోటారు కొని పంపించేవు. నిన్న సుజి ఫోన్ చేసి "మావయ్యా, ఆ కరెంటోళ్ళకి నేను లెటర్ రాత్తాను" అంది. ఆ మోటారు డబ్బా ఇంకా విప్పలేదు. అలాగే కౌంటర్ మీద ఉంది.

మిగిలిన పెళ్ళికొడుకు కోసం రోజూ కొంత నీళ్ళు తీసి కొత్త ఉప్పునీళ్ళు పోస్తున్నాను. మేత తగ్గించేను. అయినా ఆ మలినం విషాన్ని చూపే అమ్మోనియా టెస్టులో పసుపు రావలసింది ఆకుపచ్చే వస్తోంది. నా రాళ్ళన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఒక్కదానిలోనూ ప్రాణం లేదు. నీ క్వార్టర్లో చిన్న ట్యాంకు ఉంది కదా, అందులోంచి ఒక రాయి, నాలుగు గుప్పిళ్ళ ఇసుక ఇవ్వు. కడగొద్దు. నాచుతో సహా కావాలి. తడి ఆరకుండా మూతున్న బకెట్ నేనే తెస్తాను.

"రాయి కోసం అంత దూరం ఎల్తావేటి?" అని పావని నవ్వుతోంది. నవ్వనీ.

సుజికి నువ్వు చెప్పొద్దు, నేనే ఎదురుగా కూర్చుని చెప్తాను. నువ్వు తిట్టేదీ అప్పుడే తిట్టు. ఎప్పుడు రమ్మంటావు బావా, ఈ ఆదివారం మీ చర్చి అయ్యాకా?

నీ
త్రినాథ్