పెత్రమాసనాడు నీ పళ్లెం

అమ్మా,

నువ్వు పోయాక ఇదే మొదటి పెత్రమాస. పెద్దలకు ఇష్టమైనవి పెట్టే రోజు కదా, చెల్లె నీకోసం అటుకులు చేసింది. పొద్దెక్కాక నువ్వు పత్తిచేను నుంచి ఆకలితో వస్తే మేం చేసిపెట్టేవాళ్లమే, అవే. నీకిష్టమైన పచ్చిమిరపకాయలు మాత్రం వేయలేదు. ఎందుకని అడిగాను.

"కారం వద్దని దవాఖానల చెప్పిండ్రు గద అక్కా. మల్ల కడుపు నొస్తది."



"ఇంక నొయ్యదు బిడ్డా, ఎయ్యి," అంది అవ్వ.

చెల్లె రెండు కాయలు వేయించి నీ పళ్లెంలో కలిపింది. నీళ్ల చెంబు పక్కన పెట్టి, ఖాళీ పీట వైపు చూస్తూ అడిగింది.

"మంటగున్నదా అమ్మా?"

నువ్వేమంటావోనని నేనూ చెవులు రిక్కించాను.